డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితం - ఒక పునరాలోచన

ఈ 2026 ఉగాదితో ప్రవేశించే సంవత్సరానికి పరాభవ అని పేరు. 60 సంవత్సరాల వరుసలో ఇది 40వది. ఇంతకు ముందు 1966లో వచ్చింది. పేరు వినగానే మన సంఘంలోని పెద్దలు కొందరు ముఖాలు చిట్లించారు. సంచిక అట్టమీద ఆ మాట పెద్ద అక్షరాలతో వేయవలెనా, చిన్న అక్షరాలతో సరిపెట్టవలెనా అని కొంత చర్చ కూడా జరిగింది. మాకు మాత్రం ఆ మాట వినగానే జ్ఞాపకం వచ్చినవారు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు. పరాభవాలకు కొదువలేని జీవితం ఆయనది. పైగా మనవలెనే సొంత ఊరు విడిచి పరాయి చోట బ్రతికినవారు. కాబట్టి మహాపురుషుని చరిత్ర ఒకటి వ్రాసి ఇమ్మని కార్యవర్గం వారు అడిగినప్పుడు మేము వేరే పేరు వెతుక్కోలేదు.

ఆయన పేరు మన పిల్లలకు తెలియనిది కాదు. అయితే తెలిసిన తీరు వేరు. సెలవులలో వ్యక్తిత్వ వికాసమని తరగతులు పెడుతున్నారు గదా. వచ్చిన ఉపన్యాసకులు చెప్పేది ఇంచుమించు ఒకటే. ఆలోచన మంచిదైతే ఫలితం మంచిదవుతుందని, గెలుస్తానని నమ్మినవాడే గెలుస్తాడని. దానికి ఉదాహరణగా సుబ్బారావుగారిని నిలబెడతారు. మెట్రిక్ రెండుసార్లు తప్పినా నిరాశ చెందక, నవ్వు చెరగనీయక, లోకానికి దివ్యౌషధాలు ఇచ్చిన మహనీయుడని వర్ణిస్తారు. హాలులో చప్పట్లు మోగుతాయి. తీరా ఫలితాలు వచ్చి పిల్లవాడు మళ్ళీ తప్పితే, మార్కులు పోయిన దుఃఖం ఒకటి, తన ఆలోచన మంచిది కాకపోబట్టే పోయిందన్న నింద ఒకటి, రెండూ వాడి నెత్తిన పడతాయి. రైల్వే క్వార్టర్లలో అవతలి ఇంటి మాట ఇవతలి ఇంటికి వినబడకుండా ఉండదు. అట్టి మాటలు మేము వింటున్నాము. అందుచేత సుబ్బారావుగారి జీవితంలో నమ్మకానికి ఎంత పాలున్నదో, తక్కిన వాటికి ఎంత పాలున్నదో ఒకసారి పద్దు వేసి చూడాలని అనిపించింది.

ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం చెడి గడువుకు ముందే ఉద్యోగం విడువవలసి వచ్చింది. తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానంలో ఈయన నాలుగవవారు. ఇల్లు గడవడమే కష్టం. చిన్నతనంలో చదువుమీద కంటె డబ్బుమీదనే ఆయనకు దృష్టి ఎక్కువ. 13 ఏళ్ళ ప్రాయంలో, కాశీకి పోయి అక్కడి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మితే ధనవంతుడు కావచ్చునని నమ్మి ఇల్లు విడిచి బయలుదేరారు. ఆశావాదమంటే ఇంతకంటె ఏమి కావాలి? తల్లి ఊరుకోలేదు. వెతికించి, పట్టించి, వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. కేవలం నమ్మకమే పెట్టుబడిగా ఆయన చేసిన పని మా లెక్కకు ఇదొక్కటే కనబడుతుంది. దాని ఫలితం ఇది.

మెట్రిక్ పరీక్ష రెండుసార్లు పోయిన మాట నిజమే. మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి కూర్చుని నెగ్గారు. మూడవసారికి ఊరు మారింది, బడి మారింది, పాఠం చెప్పేవారు మారారు. వెంకమ్మగారు నగలు అమ్మి చదివించారని ఆయన చరిత్ర వ్రాసినవారు చెబుతారు. ఉపన్యాసాలలో కొడుకు పట్టుదల గురించి చాలా వింటాము గాని, ఆ బంగారం గురించి ఎవరూ ఎత్తరు. మేము పద్దులో మొదటి వరుసలో దానినే వ్రాసుకున్నాము.

ఆ తరువాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియెట్. అప్పుడు మనసు సన్యాసం వైపు తిరిగింది. రామకృష్ణ మఠంలో చేరాలని వెళ్ళారు. తల్లి అనుమతి లేనిదే చేర్చుకోమని మఠం వారు అన్నారు. తల్లి ససేమిరా అన్నది. వైద్యం చదివితే కాషాయం కట్టకుండానే రోగులకు సేవ చేయవచ్చునన్న సలహా మీద మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అనగా, లోకం ఈనాడు కొనియాడే ఆయన వృత్తి ఆయన మొదట కోరుకున్నది కాదు. 1919లో శేషగిరిగారితో వివాహమైంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు అల్లుని చదువు ఖర్చుకు ఆదుకున్నారు. పద్దులో రెండవ వరుస.

కాలేజీలో ఉండగా గాంధీజీ పిలుపు విని ఆయన ఖద్దరు కట్టారు. శస్త్రచికిత్స గదిలో తొడుక్కునే అంగీ కూడా ఖద్దరుదే తొడుక్కున్నారు. శస్త్రచికిత్స ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్ దొరగారికి అది కిట్టలేదు. తక్కిన విషయాలలో బాగా వ్రాసినా, పూర్తి పట్టా అయిన ఎం.బి.బి.ఎస్. రాలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు. ఆ పట్టాతో మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. ఈ ఘట్టంలో ఆయన దృక్పథంలో లోపమేమున్నది? నిశ్చయమున్నది, ధైర్యమున్నది, దేశభక్తి ఉన్నది. ఫలితం మాత్రం చెడ్డది. దొర కోపానికి ఈయన మంచి ఆలోచన మందు కాలేకపోయింది. మంచి మనసు పెట్టి చేసిన పనికి దండన పడడం లోకంలో ఉన్నదే. మన పిల్లలకు ఇది కూడా చెప్పడం న్యాయమని మా అభిప్రాయం.

అంతకంటె పెద్ద దెబ్బ ఇంటిలో తగిలింది. ఆయన సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి ఇద్దరూ కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. మన వైద్యులు గ్రహణి అనే దానివంటిది. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, నాలుక పుండవుతుంది, రక్తం క్షీణించి మనిషి ఎండిపోతాడు. మద్రాసులో అప్పటి ఇంగ్లీషు వైద్యం దగ్గర దానికి మందు లేదు. సుబ్బారావుగారికే తరువాత ఆ జబ్బు సోకింది. ఆయుర్వేద వైద్యులు, అల్లోపతీ కూడా చదివినవారు అయిన డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో ఆయన బ్రతికి బయటపడ్డారు. ఆ లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులుగా చేరారు. ఆయన జీవితాన్ని చివరిదాకా నడిపినది ఈ రెండు చావులేనని మాకు తోస్తుంది. అది ఉల్లాసమూ కాదు, ఉత్సాహమూ కాదు. ఎందుకు పోయారు, ఏమి తక్కువై పోయారు అన్న ప్రశ్న ఒకటి గుచ్చుకొని, ఎన్నాళ్ళకూ బయటికి రాకపోవడం.

అమెరికా పోవాలన్న ఆలోచన వచ్చింది. డబ్బు? మామగారు కొంత కూర్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్‌గారి ధర్మనిధి వారు సహాయం చేస్తామన్నారు. ఈ సత్యలింగ నాయకర్‌గారు ఎవరని మన పిల్లలు అడిగితే చెప్పవలసిన సంగతి ఒకటి ఉన్నది. గోదావరి ప్రాంతం నుంచి బర్మాకు వలసపోయి, రంగూన్‌లో ఓడల వ్యాపారంలో గడించి, ఆ సంపాదన అంతా చదువులకు, అన్నదానాలకు వ్రాసి ఇచ్చినవారు. ఒక వలస తెలుగువాడు రంగూన్‌లో కూడబెట్టిన రూపాయి ఇంకొక తెలుగువాణ్ణి బోస్టన్ చేర్చింది. మనవంటి సంఘాల వార్షిక చందా పుస్తకాలు చూసి విసుక్కునేవారు ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవాలని ప్రార్థన. పద్దులో మూడవ వరుస.

1920ల తొలి సంవత్సరాలలో ఆయన బోస్టన్ చేరి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశపు వ్యాధుల డిప్లొమా చదివారు. ఈయన పట్టా అక్కడ వైద్యవృత్తికి చాలదు. తిండికి, గది అద్దెకు ఒక ఆస్పత్రిలో రాత్రిపూట పని కుదుర్చుకున్నారు. రోగుల మలమూత్రాల పాత్రలు తీసి కడిగే పని. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, కాలేజీలో పాఠం చెప్పి వచ్చిన మనిషి. ఈ ఘట్టాన్ని చెప్పేవారు, ఆ పని ఆయన సంతోషంగా చేశారని కలుపుతూ ఉంటారు. సంతోషంగా ఎందుకు చేయాలి? చేశారు, అది చాలు. రాత్రి డ్యూటీలు చేసేవారు మనలో చాలామంది ఉన్నారు. తెల్లవారుజామున 3 గంటలకు యార్డులో నిలబడినవాడి ముఖాన నవ్వు లేదని బండి ఆగిపోదు.

డిప్లొమా తరువాత హార్వర్డ్ వైద్య కళాశాలలోనే జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కె అనే ఆయన దగ్గర చేరారు. ఇక్కడ జరిగిన పనిని మేము కొంచెం వివరంగా చెప్పదలచుకున్నాము. సైన్సు మేము చదువుకున్నది మెట్రిక్ వరకే గాని, ఈ సంగతి తెలుసుకోవడానికి అంతకంటె చదువు అక్కరలేదు.

రక్తంలో, కండలో భాస్వరం ఎంత ఉన్నదో కొలవడానికి అప్పటిదాకా ఉన్న పద్ధతులు ఆలస్యమైనవి, పొరపాట్లకు అవకాశమున్నవి. ఫిస్కె, సుబ్బారావు కలిసి ఒక రంగు పద్ధతి కనిపెట్టి 1925లో ప్రకటించారు. నమూనాలో కొన్ని ద్రావకాలు కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. సులువైన పద్ధతి. జీవరసాయన శాస్త్రం చదివే విద్యార్థులకు అది ఈనాటికీ ఆ ఇద్దరి పేర్లతోనే తెలుసు. ఈ పద్ధతిని కండ రసం మీద ప్రయోగించినప్పుడు ఒక చిక్కు వచ్చింది. రంగు రావలసిన వేళకు రావడం లేదు. మెల్లమెల్లగా, ఆలస్యంగా చిక్కబడుతున్నది. ఇంకొకరైతే కాసేపు ఆగి, చివరకు వచ్చిన రంగును వ్రాసుకొని, పద్ధతి పనిచేసిందని తృప్తిపడి ఉందురు. ఇంచుమించు సరిపోయింది గదా అన్న నిబ్బరం అలాటిది. వీరిద్దరూ ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. కండలో భాస్వరం విడిగా లేదు, దేనితోనో కలిసి ఉన్నది. ద్రావకం తగిలాక ఆ పదార్థం కొంచెం కొంచెం విరిగి భాస్వరాన్ని వదులుతున్నది, అందుకే రంగు ఆలస్యమవుతున్నదని తేల్చారు. ఆ పదార్థం ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. 1929లో ఏ.టి.పి. అనే ఇంకొక పదార్థాన్ని వేరుచేసి చూపారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా దానిని స్వతంత్రంగా కనుగొన్నారు. మన ఒంటిలో ప్రతి కదలికకు కావలసిన శక్తి చేతులు మారే నాణెం వంటిది ఈ ఏ.టి.పి.

అప్పటికి కండ కదలడానికి కారణం వేరని పండితులు అనుకుంటూ ఉన్నారు. గ్లైకోజన్ అనే పిండిపదార్థం లాక్టిక్ ఆమ్లంగా మారడమే మూలమని సిద్ధాంతం. ఆ రంగంలో పనిచేసిన హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. దానిని సరిదిద్దడానికి దారితీసినవాటిలో ఈ ఆలస్యమైన రంగు ఒకటి.

రైల్వేలో ఒక నిబంధన ఉన్నది. సిగ్నల్ దీపం ఆరిపోయి ఉంటే, అది ఏ రంగు చూపించవలసి ఉన్నదో ఊహించుకొని బండి నడపకూడదు. అది చూపగల సూచనలలో అన్నిటికంటె కఠినమైన దానినే చూపుతున్నదని భావించి నడుచుకోవాలి. లైను ఖాళీగానే ఉంటుందిలే అన్న మంచి ఆలోచన అక్కడ పనికిరాదు. ఈ నిబంధన వ్రాసినవారిని నిరాశావాదులని ఎవరూ అనరు. దానివల్లనే ప్రయాణికులు బెర్తులమీద నిద్రపోగలుగుతున్నారు. సుబ్బారావుగారి పనితనంలో మాకు కనబడినది ఈ గుణమే. లోపల ఏమనుకున్నారో అటుంచి, ఎదుట కనబడిన తేడాను తనకు అనుకూలంగా అర్థం చెప్పుకోలేదు.

1930లో ఆయనకు హార్వర్డ్ డాక్టరేటు వచ్చింది. ఇక స్థిరమైన పదవి రావాలి. రాలేదు. ఫిస్కెకు స్థిరమైన పదవి ఇచ్చే ప్రస్తావన వచ్చినప్పుడు ఆయనకు మేలు జరగాలని ఈయన తన పాలు తగ్గించి చెప్పారని, ఆ ఉదారతే తనకు అడ్డమైందని చరిత్ర వ్రాసినవారి మాట. ఫిస్కె అసూయవల్ల సుబ్బారావుగారి పరిశోధనలు కొన్ని వెలుగు చూడలేదని, వాటిని తరువాత ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని అదే ప్రయోగశాలలో చదివిన జార్జి హిచింగ్స్ చెప్పారు. ఈ హిచింగ్స్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది కాబట్టి మాట తేలికగా తీసివేయదగినది కాదు. ఆ దేశపు చట్టం కూడా ఆనాడు మనవారికి అనుకూలంగా లేదు. భారతీయులు అమెరికా పౌరసత్వానికి తగరని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1946లో గాని ఆ నిషేధం తొలగలేదు. ఇంత ప్రతిభ ఉన్న మనిషి దాదాపు 17 ఏళ్ళు హార్వర్డ్‌లో ఏ భద్రత లేకుండా గడిపారు. ఆయన దృక్పథం మార్చుకొని ఉంటే హార్వర్డ్ వారి దృక్పథం మారి ఉండేదా? మాకు నమ్మకం లేదు.

1940లో ఆయన హార్వర్డ్ విడిచి న్యూయార్క్ సమీపంలోని పెర్ల్ రివర్ అనే ఊరిలో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు; త్వరలోనే పరిశోధన శాఖకు అధిపతి అయ్యారు. విశ్వవిద్యాలయం వారు పండితులు గనుక ఇట్టి ఉద్యోగాన్ని ఆనాడు కొంత చిన్నచూపు చూసేవారు. కాని అక్కడ ఈయనకు మొదటిసారిగా మనుషులు, గదులు, డబ్బు దొరికినవి.

ఆయన మనసులో చాలాకాలంగా ఉన్న పని రక్తక్షీణత. పెర్నిషియస్ అనీమియా అనే ప్రాణాంతకమైన జబ్బుకు రోజుకు అర పౌను లివర్, అనగా జంతువుల కాలేయం, తినిపిస్తే రోగి బ్రతుకుతాడని 1926లో మైనాట్, మర్ఫీ అనే వైద్యులు చూపారు. కాలేయంలో ఆ ప్రాణం పోసే పదార్థమేదో వేరుచేయాలని సుబ్బారావుగారు హార్వర్డ్‌లో ఉండగానే పూనుకున్నారు. సంవత్సరాలు గడిచినవి. మణుగుల కొద్దీ కాలేయం వడగట్టారు. ఆయన వెతికిన ఆ పదార్థం ఆయనకు చిక్కలేదు. అది విటమిన్ బి12. దానిని 1948లో వేరే రెండు కంపెనీలవారు, అమెరికాలో ఒకరు, ఇంగ్లండులో ఒకరు, బయటపెట్టారు. ఉపన్యాసాలలో ఈ ఓటమి ప్రసక్తి రాదు.

ఆ వెతుకులాటలో దొరికినది ఇంకొకటి, ఫోలిక్ ఆమ్లం. దీనికి మన దేశంతో పాత సంబంధం ఉన్నది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయిలో మిల్లు కార్మిక కుటుంబాల గర్భిణులకు వచ్చే రక్తక్షీణతను పరిశీలించి, ఈస్టు సారంలో దానిని నయంచేసే గుణమేదో ఉన్నదని 1931లో ప్రకటించారు. ఆ గుణానికి మూలమైన పదార్థాన్ని సుబ్బారావుగారి క్రింద పనిచేసిన రసాయనికులు శుద్ధిచేసి, దాని కట్టడి తెలుసుకొని, 1945లో ప్రయోగశాలలో తయారుచేశారు. టామ్ స్పైస్ అనే వైద్యుడు ఆ మందును క్యూబాలో స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. నాలుక పుండ్లు మానినవి, ఆకలి పుట్టింది, రక్తం పట్టింది. పురుషోత్తం, కృష్ణమూర్తి పోయిన జబ్బు అదే. పాతికేళ్ళకు పైగా ఆలస్యంగా మందు వచ్చింది. ఈ వార్త పెర్ల్ రివర్‌లోని ఆ గదికి చేరిన దినాన్ని గూర్చి ఆలోచిస్తే మాకు గొంతు పట్టుకుంటుంది.

ఇక్కడ కూడా కథ పూర్తిగా మంగళకరం కాదు. పెర్నిషియస్ అనీమియా రోగులకు ఫోలిక్ ఆమ్లం ఇస్తే వారి రక్తం బాగుపడింది. ముఖం తేటపడింది, బలం వచ్చింది. కాని లోపల నరాలు చెడిపోవడం ఆగలేదు. బి12 లేని లోటును ఫోలిక్ ఆమ్లం కప్పిపెట్టింది గాని తీర్చలేదు. పైకి బాగున్నాడని వైద్యుడు సంతోషిస్తూ ఉండగానే రోగి కాళ్ళు మొద్దుబారినవి. ముఖం తేటగా ఉన్నదని జబ్బు పోయిందని అనుకోరాదని ఆనాటి వైద్యులు ఈ విధంగా నేర్చుకున్నారు.

తరువాతిది బోస్టన్‌లో జరిగింది. సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల వైద్యుడు, రక్తపు క్యాన్సరు వచ్చిన పసివారికి ఫోలిక్ ఆమ్లం జాతి మందులు ఇచ్చి చూశారు. రక్తాన్ని పెంచే మందు మంచిదే చేయాలి గదా. అందుకు వ్యతిరేకంగా, జబ్బు మరింత వేగంగా పెరుగుతున్నట్టు ఆయనకు తోచింది. ఎంత ఘోరమైన ఫలితం! మంచి ఉద్దేశంతో ఇచ్చిన మందు చచ్చే పిల్లలను తొందరపెట్టినట్టయింది. ఈ వార్తను దాచినా, కాదన్నా, ఇంకొన్నాళ్ళు ధైర్యంగా కొనసాగిద్దామన్నా తరువాతి మెట్టు ఉండేది కాదు. ఫోలిక్ ఆమ్లం జబ్బును పెంచితే, ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డగించేది జబ్బును తగ్గించవచ్చునని తర్కించారు. సుబ్బారావుగారి ప్రయోగశాల వారు అట్టి వస్తువును, ఫోలిక్ ఆమ్లంవలె కనబడుతూ దాని పని చెడగొట్టే దానిని, తయారుచేసి పంపారు. దాని పేరు అమినాప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన వ్యాసంలో 16 మంది పిల్లల లెక్క ఉన్నది. వారిలో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. తాత్కాలికంగానే అని వ్యాసం పేరులోనే స్పష్టంగా వ్రాసుకున్నారు. మాకు ఆ తాత్కాలికమన్న మాటమీద చాలా గౌరవం. దాని తోబుట్టువయిన మెథోట్రెక్సేట్ నేటికీ రక్తపు క్యాన్సరుకు, కీళ్ళవాతానికి వాడుకలో ఉన్నది.

తక్కినవి త్వరగా చెబుతాము. బోదకాలుకు కారణమైన సన్నని పురుగులను చంపే హెట్రాజాన్ మందు 1947లో ఆ ప్రయోగశాల నుంచే వచ్చింది. ఒరిస్సా తీరంలో, గోదావరి జిల్లాలలో ఆ జబ్బు ఎరుగని పేట ఉండేది కాదు. డి.ఇ.సి. అన్న పేరుతో ప్రభుత్వం వారు ఇంటింటికి పంచుతూ వచ్చిన మాత్ర అదే. ఆరియోమైసిన్ సంగతి ఇంకా వింత. పదవీవిరమణ చేసిన వృక్షశాస్త్ర ప్రొఫెసరు, 70 దాటిన డగ్గర్ అనే వృద్ధునికి సుబ్బారావుగారు పని అప్పగించారు. మిస్సోరీ నుంచి వచ్చిన మట్టి నమూనాలో బంగారు రంగు సూక్ష్మజీవి ఒకటి దొరికింది. టెట్రాసైక్లిన్ జాతి మందులన్నిటికీ అది పెద్దక్క. 1948లో లోకానికి ప్రకటించారు. ప్రకటనలో ముందుకు వచ్చిన పేరు డగ్గర్‌గారిది. సుబ్బారావుగారు వెనుకనే ఉండిపోయారు. వెనుక ఉండడం ఆయనకు అలవాటు.

ఇంతవరకు మగవారి కథే చెప్పాము. శేషగిరిగారి సంగతి ఏ ఉపన్యాసంలోనూ మేము వినలేదు. భర్త సముద్రం దాటి వెళ్ళేనాటికి పెళ్ళయి కొద్ది సంవత్సరాలే. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. ఆయన తిరిగి రాలేదు. ఆమె అక్కడికి పోలేదు. మనలో ఎన్ని కుటుంబాలలో ఇట్టివి లేవు? వచ్చే పండుగకు వస్తాడు, ఆ పై ఏడు వస్తాడు అని ఎదురుచూసే ఆశ, పోయినవాడికి ధైర్యం, ఉన్నదానికి భారం. సుబ్బారావుగారి చరిత్రను విజయగాథగా వ్రాయదలచినవారు ఈ పద్దును ఏ వరుసలో వేస్తారో మాకు బోధపడలేదు. మేము వేయకుండా వదలలేదు, కూడికలో మాత్రం అది దేనితోనూ కలవడం లేదు.

1948వ సంవత్సరం ఆయనకు ఎట్టిదో చూడండి. వసంతంలో, ఆయన ఏళ్ళ తరబడి వెతికిన బి12 ఇంకొకరికి దొరికిందన్న వార్త. జూన్‌లో ఫార్బర్ వ్యాసం. జూలైలో ఆరియోమైసిన్ ప్రకటన. ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి ఆయన పోయారు. వయస్సు 53. భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది. చట్టం మారినా అమెరికా పౌరుడు కాలేదు, భారతీయుడిగానే మరణించారు. మన ప్రభుత్వం వారు శతజయంతి సందర్భంలో 1995లో తపాలా బిళ్ళ వేశారు.

అంతకు ముందే, 1953లో, హెసెల్టైన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు కొత్తగా కనుగొన్న ఒక బూజు జాతికి ఆయన పేరు మీద సుబ్బారోమైసెస్ అని పేరు పెట్టారు. మురుగునీటిని శుద్ధిచేసే రాళ్ళ పడకలమీద పెరిగే బూజు అది.